మధ్యాహ్నానికల్లా మొరాయించే క్రోమ్, మనిషి మారినా మారని యాడ్స్

ప్రశ్న: దేవరకొండల చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్న. ఒక్కటే కంప్యూటర్. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, విండోస్ 10, క్రోమ్. పొద్దున మంచిగనే నడుస్తది. పన్నెండు దాటినంక ట్యాబ్ మార్చినా చక్రం తిరుగుడే. భూభారతి, ఈపాస్, కరెంటు బిల్లు, వాట్సాప్ వెబ్, జీమెయిల్ అన్నీ తెరిచే ఉంచాల్సి వస్తది. ఇంకోటి, ఒకాయన బోరు మోటార్ల రేట్లు చూసి పోయిండు. ఆయన వెనకాలనే హాల్‌టికెట్ కోసం వచ్చిన పిల్లకు పేజీ పక్కన అవే మోటార్ల యాడ్స్. రాత్రి ఇంటికి పోతే నా ఫోన్‌ల గూడ అవే. పైనుంచి స్క్రీన్ కింద మూలకు ‘మీ కంప్యూటర్‌ల వైరస్ ఉంది’ అని డబ్బాలు పడుతున్నయి. తెలిసినాయన ఒక క్లీనర్, ఒక ఫ్రీ వీపీఎన్ వేసిచ్చి, రోజూ షాపు బంద్ చేసే ముందు కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కొట్టి అన్నీ తుడిచెయ్యమన్నడు. అట్ల చేసినంక ఇంకా స్లో అయింది. ఏం చెయ్యాలె? వచ్చినోళ్ల పని ఇన్‌కాగ్నిటోల చేస్తే సరిపోతదా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

సమాధానం: ముందుగా ఆ క్లీనర్‌నూ, ఫ్రీ వీపీఎన్‌నూ తీసేయండి. మిగతా పనులన్నీ ఆ తర్వాతే. వేసిచ్చినాయన మేలు కోరే వేసి ఉంటాడు గానీ, మీరు చెప్పిన రెండు ఇబ్బందులనూ పెంచేవే ఆ రెండూ.

ఒక పేజీ తెరిచినప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. వార్తల సైట్ ఒకటి తెరిచారనుకోండి. వార్త, ఫొటో ఆ సైట్ సర్వర్ నుంచి వస్తాయి. వాటితోపాటు యాడ్స్ వేసే కంపెనీలు, ఎవరు ఎంతసేపు చూశారో లెక్కగట్టే కంపెనీలు, లైక్ బటన్ల వాళ్లు, వీడియోల వాళ్లు కూడా తమ తమ స్క్రిప్టులను ఆ పేజీలోకి దించుతారు. ఒక్కో స్క్రిప్టు కొంత ర్యామ్ తింటుంది, ప్రాసెసర్‌కు పని పెడుతుంది. అదే స్క్రిప్టు మీ బ్రౌజర్‌లో ఒక గుర్తింపు నంబరు కూడా రాసిపెట్టుకుంటుంది. ఇలా బ్రౌజర్‌లో రాసిపెట్టుకునే గుర్తును కుకీ అంటారు. మీరు తెరిచిన సైట్ కాక బయటి కంపెనీ రాసేది కాబట్టి ఇది థర్డ్ పార్టీ కుకీ. కాసేపటికి మీరు వేరే సైట్ తెరిస్తే, అక్కడా అదే కంపెనీ స్క్రిప్టు ఉంటే, ఆ నంబరు చూసి ‘ఇందాక మోటార్లు చూసిన బ్రౌజర్ ఇదే’ అని పోల్చుకుంటుంది. నంబరు బ్రౌజర్‌కు పడింది, మనిషికి కాదు. కుర్చీలో ఉన్నది డిండి నుంచి వచ్చిన రైతా, హాల్‌టికెట్ కోసం వచ్చిన పిల్లా అన్నది దానికి తెలియదు.

అంటే మీ కంప్యూటర్ మీద పడే బరువులో చాలా భాగం, మీ వెంట పడే యాడ్స్ ఒకే దారిన వస్తున్నాయి. ఆ దారి మూస్తే రెండూ తగ్గుతాయి. రాత్రి తుడిస్తే దారి మూతపడదు. పొద్దున తెరిచిన మొదటి పేజీతోనే కొత్త నంబరు పడుతుంది. పైగా మీరు తుడుస్తున్న వాటిలో ‘క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్’ కూడా ఉంది. మళ్లీ మళ్లీ తెరిచే సైట్ల బొమ్మలను, ఫైళ్లను బ్రౌజర్ డిస్క్‌లో దాచుకునేది అక్కడే, మళ్లీ నెట్ నుంచి దించే పని లేకుండా. దాన్ని రోజూ ఖాళీ చేస్తే రోజూ అన్నీ మొదటి నుంచి దిగాలి. మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్లు గుర్తుపట్టేది కూడా వాటి సొంత కుకీతోనే. కుకీలన్నీ పోతే మీ సొంత లాగిన్లు కూడా పోతాయి. పొద్దున్నే ప్రతిదానికీ మళ్లీ పాస్‌వర్డ్, మళ్లీ ఓటీపీ.

ఇలా దాచుకున్న ఫైళ్లను (క్యాష్ అంటారు) తుడవాల్సిన సందర్భం ఒకటుంది. ఏదైనా పోర్టల్‌ను మార్చిన తర్వాత మీకు పాత పేజీయే కనిపిస్తున్నా, బటన్లు పనిచేయకపోయినా ముందు కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి. అది దాచుకున్న ఫైళ్లను పక్కనపెట్టి పేజీని కొత్తగా దించుతుంది. అయినా కుదరకపోతే అడ్రస్‌కు ఎడమ పక్కనున్న గుర్తు నొక్కి, ‘కుకీస్ అండ్ సైట్ డేటా’లోకి వెళ్లి ఆ ఒక్క సైట్ డేటానే తీసేయండి. మిగతావి ముట్టుకోవద్దు.

ఇక ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు. క్రోమ్‌లో కుడివైపు పైన పజిల్ ముక్కలాంటి గుర్తు నొక్కి, ‘మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్’ తెరవండి. అక్కడున్న ప్రతిదాని దగ్గరా ‘డీటెయిల్స్’ నొక్కి చూడండి. ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా మొత్తం చదవగలదు, మార్చగలదు’ అనే అర్థమొచ్చే అనుమతి ఇంగ్లిష్‌లో కనిపిస్తే, మీ సెంటర్‌లో కొట్టే ఆధార్ నంబర్లు, బ్యాంకు పేజీలు కూడా అది చదవగలదన్నమాట. పేరున్నవే కదా అని ధీమా పడటానికి లేదు. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే ‘ది గ్రేట్ సస్పెండర్’ అనే ఎక్స్‌టెన్షన్‌ను లక్షల మంది నమ్మి వాడారు. 2020లో దాని యాజమాన్యం చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఉందని గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తీసేసింది. యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్, తన సాఫ్ట్‌వేర్, ఎక్స్‌టెన్షన్ల ద్వారా పోగైన బ్రౌజింగ్ వివరాలను అమ్ముకున్నదన్న కేసులో 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 1.65 కోట్ల డాలర్లు కట్టేందుకు ఒప్పుకుంది. కాపాడతామని చెప్పే సాఫ్ట్‌వేరే ఆ పని చేసినప్పుడు, ఊరూ పేరూ లేని క్లీనర్‌ను షాపు కంప్యూటర్‌లో ఉంచుకోవడం ఎందుకు?

ఫ్రీ వీపీఎన్ సంగతీ అంతే. మీ ట్రాఫిక్ మొత్తం ముందు వాళ్ల సర్వర్‌కు పోయి, అక్కడి నుంచి సైట్‌కు పోతుంది. దారి పొడుగవుతుంది కాబట్టి వేగం తగ్గుతుంది. కుకీ మీ బ్రౌజర్‌లోనే ఉంటుంది కాబట్టి మోటార్ల యాడ్స్ ఆగవు. అదిగాక, వీపీఎన్ సర్వర్ వేరే దేశంలో ఉంటే కొన్ని ప్రభుత్వ పోర్టళ్లు తెరుచుకోవు, పేమెంట్లు మధ్యలో ఫెయిలవుతాయి. ‘రిమూవ్’ నొక్కి తీసేయండి. క్లీనర్ విండోస్‌లోనే ఇన్‌స్టాల్ అయి ఉంటే విండోస్ సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా నుంచి కూడా అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. తీసేసిన తర్వాత కూడా సెర్చ్ చేస్తే గూగుల్ బదులు ఇంకేదో తెరుచుకుంటుంటే, క్రోమ్ సెట్టింగ్స్‌లో చివరనున్న ‘రీసెట్ సెట్టింగ్స్’ వాడండి. అది ఎక్స్‌టెన్షన్లను ఆపేస్తుంది, కుకీలను తీసేస్తుంది. బుక్‌మార్కులు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు అలాగే ఉంటాయి.

పన్నెండు దాటాక ఏమవుతోంది?

మందగించినప్పుడు నెట్ మీద అనుమానపడే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి విండోస్ టాస్క్ మేనేజర్ తెరవండి. ‘పర్ఫార్మెన్స్’లో మెమరీ 90 శాతం దాటి, డిస్క్ 100 దగ్గరే నిలబడి ఉంటే తప్పు నెట్‌ది కాదు. 4 జీబీలో దాదాపు సగం విండోస్‌కే పోతుంది. మిగిలిన సగం ట్యాబ్‌లతో నిండిపోగానే విండోస్ కొంత మెమరీని హార్డ్ డిస్క్ మీదికి నెడుతుంది. ట్యాబ్ మార్చగానే దాన్ని మళ్లీ డిస్క్ నుంచి తేవాలి. తిరిగే హార్డ్ డిస్క్ ఆ పనికి ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మది. మీరు చూసే చక్రం అదే. పొద్దున మూడు ట్యాబ్‌లు, మధ్యాహ్నానికి ఇరవై. అందుకే పొద్దున బాగుంటుంది.

ఏ ట్యాబ్ ఎంత తింటోందో క్రోమ్ లోపలే చూడవచ్చు. క్రోమ్ విండోలో ఉండి షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ‘మెమరీ ఫుట్‌ప్రింట్’ అనే శీర్షిక మీద నొక్కితే ఎక్కువ తినేవి పైకి వస్తాయి. ట్యాబ్‌లు, ఎక్స్‌టెన్షన్లు విడివిడిగా కనిపిస్తాయి. అవసరం లేనిదాన్ని ఎంచుకుని ‘ఎండ్ ప్రాసెస్’ నొక్కితే మొత్తం క్రోమ్ మూయకుండానే ఆ ఒక్కటి ఆగుతుంది. ఒక రోజు పని మధ్యలో రెండు మూడుసార్లు ఇది తెరిచి చూస్తే మీ దొంగ ఎవరో మీకే తెలుస్తుంది. వాట్సాప్ వెబ్, జీమెయిల్, యూట్యూబ్ సాధారణంగా పై వరుసల్లో ఉంటాయి.

తర్వాత క్రోమ్ సెట్టింగ్స్‌లో ‘పర్ఫార్మెన్స్’ తెరిచి ‘మెమరీ సేవర్’ ఆన్ చేయండి. అందులో మోడరేట్, బ్యాలెన్స్‌డ్, మాగ్జిమమ్ అని మూడుంటాయి. 4 జీబీకి మాగ్జిమమ్ పెట్టుకోండి. కాసేపు ముట్టుకోని ట్యాబ్‌ను క్రోమ్ మెమరీ నుంచి దించేస్తుంది. దాని మీద నొక్కితే పేజీ మళ్లీ లోడవుతుంది. ఇక్కడే మీలాంటి సెంటర్లకు ఒక చిక్కు. లాగిన్ అయి ఉన్న పోర్టల్ పేజీ అలా రీలోడ్ అయితే ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అని బయటికి తోసేయొచ్చు, చేసిన పని మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి అదే పేజీలో ఉన్న ‘ఆల్వేస్ కీప్ దీజ్ సైట్స్ యాక్టివ్’ జాబితాలో మీరు రోజూ వాడే నాలుగైదు పోర్టళ్లను చేర్చండి. నాలుగైదే. అన్నీ చేరిస్తే మెమరీ సేవర్ ఉండీ లేనట్టే. కదలకుండా కాసేపు వదిలేస్తే పోర్టల్ తనంతట తాను లాగౌట్ చేయడం మాత్రం వేరే సంగతి. అది సర్వర్ నియమం, ఏ సెట్టింగుతోనూ ఆగదు.

అదే పేజీలో ‘ప్రీలోడ్ పేజెస్’ ఉంటుంది. మీరు నొక్కుతారేమోనని ముందే ఊహించి పేజీలు దించిపెట్టే ఏర్పాటు అది. మీ మెషీన్‌లో ఆపేయండి. డేటా మిగులుతుంది, మెమరీ మిగులుతుంది, మీరు తెరవని సైట్లకు మీ జాడ కూడా పోదు. ‘సిస్టమ్’ విభాగంలో, క్రోమ్ మూసేసినా బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ నడుస్తూ ఉండే ఆప్షన్‌ను కూడా ఆపండి. విండోస్‌తో వచ్చే ఎడ్జ్ బ్రౌజర్‌లో ‘స్టార్టప్ బూస్ట్’ అని ఇలాంటిదే ఇంకొకటి ఉంది. మీరు ఎడ్జ్ వాడకపోయినా అది మెమరీలో కూర్చుంటుంది. అదీ ఆపండి.

థర్డ్ పార్టీ కుకీలను ఆపడం

సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’, అందులో ‘థర్డ్ పార్టీ కుకీస్’, అక్కడ ‘బ్లాక్ థర్డ్ పార్టీ కుకీస్’. ఇదొక్కటి పెడితే బోరు మోటార్ల వేట చాలా తగ్గుతుంది. క్రోమ్ దీన్ని తనంతట తాను చేయదు. ఈ కుకీలను తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో చెప్పింది, వాయిదాలు వేసుకుంటూ వచ్చి 2024 జులైలో ఆ ఆలోచన మానుకుంది. యాపిల్ బ్రౌజర్ సఫారీ 2020 మార్చి నుంచే వీటిని పూర్తిగా ఆపుతోంది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ఏ సైట్ కుకీ ఆ సైట్ గదిలోనే ఉండేలా అందరికీ పెట్టింది. క్రోమ్‌లో మాత్రం మీ చేత్తో మీరు పెట్టుకోవాల్సిందే.

పేమెంట్లు ఆగిపోతాయేమోనన్న భయం సహజం. చాలా గేట్‌వేలు (డబ్బు కట్టించుకునే సైట్లు) మిమ్మల్ని పూర్తిగా తమ పేజీకి తీసుకెళ్తాయి. అప్పుడు అడ్రస్ బార్‌లో వాళ్ల పేరే ఉంటుంది, వాళ్ల కుకీ థర్డ్ పార్టీది కాదు, ఏ ఇబ్బందీ రాదు. అదే పేజీ లోపల చిన్న పెట్టెలా తెరుచుకునే పేమెంట్లు, వేరే సైట్ ద్వారా జరిగే కొన్ని లాగిన్లు మాత్రం మొరాయించవచ్చు. అలాంటప్పుడు సెట్టింగు మొత్తం వెనక్కి తిప్పొద్దు. అడ్రస్ బార్ కుడి చివర కన్ను గుర్తు వస్తుంది, దాన్ని నొక్కి ఆ ఒక్క సైట్‌కే అనుమతివ్వండి. తరచూ వాడేదైతే థర్డ్ పార్టీ కుకీస్ పేజీ అడుగునున్న అనుమతుల జాబితాలో శాశ్వతంగా చేర్చండి. డబ్బు కట్ అయి రసీదు రాకపోతే చాలాసార్లు కారణం కుకీ కాదు, పాప్‌అప్ ఆగిపోవడం. రసీదును కొత్త విండోలో తెరిచే పోర్టళ్లు ఎన్నో ఉన్నాయి. ‘సైట్ సెట్టింగ్స్’లోని ‘పాప్‌అప్స్ అండ్ రీడైరెక్ట్స్’లో ఆ పోర్టల్‌ను మాత్రమే అనుమతించండి. అందరికీ తలుపు తెరవొద్దు.

వేలిముద్ర మెషీన్ ఉంటే ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. మెషీన్ తాలూకు ఆర్‌డీ సర్వీస్ మీ కంప్యూటర్‌లోనే నడిచే ఒక చిన్న ప్రోగ్రామ్. వెబ్‌సైట్ దానితో బ్రౌజర్ ద్వారా మాట్లాడాలి. 2025 చివర్లో వచ్చిన క్రోమ్ 142 నుంచి, ఏ సైటైనా మీ కంప్యూటర్‌తో గానీ లోకల్ నెట్‌వర్క్‌తో గానీ అలా మాట్లాడబోతే క్రోమ్ ముందు అనుమతి అడుగుతోంది. కంగారులో ‘బ్లాక్’ నొక్కితే ‘డివైస్ నాట్ ఫౌండ్’ అని వస్తుంది. డ్రైవర్ మళ్లీ వేసినా, కేబుల్ మార్చినా లాభం ఉండదు. అడ్రస్‌కు ఎడమనున్న గుర్తు నొక్కి, ఆ సైట్ అనుమతుల్లో లోకల్ నెట్‌వర్క్‌కో, కంప్యూటర్‌లోని యాప్‌లకో సంబంధించినదాన్ని ‘అలో’ చేయాలి. ప్రభుత్వ పోర్టల్‌కైతే ఇవ్వండి. ఏ వార్తల సైటో, సినిమాల సైటో అదే అడిగితే ఇవ్వొద్దు.

యాడ్ స్క్రిప్టులు దిగకుండానే ఆపాలంటే ఒక బ్లాకర్ కావాలి. రేమండ్ హిల్ తయారుచేసిన యూబ్లాక్ ఆరిజిన్ చాలా ఏళ్లుగా నమ్మకమైనది. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ నియమాలు మార్చడంతో పూర్తి రూపం ఇప్పుడు క్రోమ్‌లో నడవదు. అదే రచయిత చేసిన ‘యూబ్లాక్ ఆరిజిన్ లైట్’ నడుస్తుంది. అలాంటి పేరుతోనే నకిలీలు తిరుగుతుంటాయి కాబట్టి స్టోర్‌లో రచయిత పేరు చూసి వేసుకోండి. అన్ని సైట్ల అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్ మీ దగ్గర ఇదొక్కటే ఉంటే చాలు. మీరు పనిచేసే పోర్టళ్లలో ఎక్స్‌టెన్షన్ గుర్తు నొక్కి, ఫిల్టరింగ్ లేకుండా పెట్టుకోండి. అక్కడ ఆపడానికి యాడ్స్ ఎలాగూ ఉండవు, పేజీ విరిగితే నష్టం మీకే. వార్తల సైట్లలో తేడా కళ్లకు కనిపిస్తుంది, పేజీ తేలికపడుతుంది.

వీటితో నిఘా మొత్తం పోతుందని చెప్పను. స్క్రీన్ సైజు, ఫాంట్లు, గ్రాఫిక్స్ తీరు కలిపి బ్రౌజర్‌ను పోల్చుకునే పద్ధతి ఇంకొకటుంది, దానికి కుకీ అక్కర్లేదు. అయితే మీ సెంటర్‌లో జరుగుతున్న దానిలో ఎక్కువ భాగం కుకీల పని, ఇంకా కింద చెప్పబోయే అకౌంట్ పని.

ఆ వైరస్ డబ్బాలు

అవి వైరస్ కావు, క్రోమ్ నోటిఫికేషన్లు. డబ్బా మీద సన్నటి అక్షరాల్లో క్రోమ్ పేరు, పంపిన సైట్ పేరు ఉంటాయి, చూడండి. ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి’ అన్న పేజీలో ఎవరో నొక్కి ఉంటారు. అది రోబో పరీక్ష కాదు, నోటిఫికేషన్లు పంపుకోవడానికి మీ దగ్గర తీసుకున్న అనుమతి. సైట్ సెట్టింగ్స్‌లో ‘నోటిఫికేషన్స్’ తెరిచి, అనుమతించిన జాబితాలో తెలియని ప్రతి సైట్‌నూ తీసేయండి. పైన, ఏ సైటూ నోటిఫికేషన్లు పంపకూడదనే ఆప్షన్ పెట్టండి. షాపు కంప్యూటర్‌కు ఏ సైట్ నోటిఫికేషన్ కూడా అవసరం లేదు. ఆ డబ్బాల్లోని ఫోన్ నంబర్లకు కాల్ చేయొద్దు, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ వేయొద్దు.

ఇంట్లో ఫోన్‌లోకి ఎలా వచ్చాయి?

షాపు క్రోమ్‌లో మీ సొంత జీమెయిల్‌తో లాగిన్ అయి ఉన్నారు. అందుకే. కస్టమర్ వెతికినవి మీ గూగుల్ అకౌంట్ చరిత్రలో పడుతున్నాయి, అదే అకౌంట్ మీ ఫోన్‌లో ఉంది. కుకీలను ఎంత ఆపినా ఇది ఆగదు, ఎందుకంటే ఇక్కడ గుర్తుపట్టేది లాగిన్‌ను. ఫోన్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి ‘డేటా అండ్ ప్రైవసీ’లో ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’కి వెళ్లండి. ఊరివాళ్ల వెతుకులాటలన్నీ మీ పేరు కింద కనిపించవచ్చు. ఎవరి రోగం గురించో, ఎవరి అప్పు గురించో వెతికినవి కూడా. వాటిని తీసేసి, ఆటో డిలీట్‌ను 3 నెలలకు పెట్టండి. ‘మై యాడ్ సెంటర్’లో పర్సనలైజ్డ్ యాడ్స్ ఆపేయండి.

తర్వాత క్రోమ్‌లో కుడివైపు పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కి, కొత్త ప్రొఫైల్ ఒకటి చేసి, అకౌంట్ ఏదీ ఇవ్వకుండా ముందుకెళ్లండి. దానికి ‘షాపు’ అని పేరు పెట్టుకోండి. పోర్టళ్ల పని అందులో. మీ జీమెయిల్ మీ పాత ప్రొఫైల్‌లో, అవసరమైనప్పుడు తెరిచి మూసేయాలి. రెండు ప్రొఫైళ్లూ ఎప్పుడూ తెరిచి ఉంచితే 4 జీబీ తట్టుకోదు. కొత్త ప్రొఫైల్‌కు పాత సెట్టింగులు రావు, పైన చెప్పిన కుకీ, నోటిఫికేషన్, పాప్‌అప్ మార్పులు అందులోనూ ఒకసారి చేయాలి. బ్లాకర్ కూడా మళ్లీ వేసుకోవాలి.

కస్టమర్ల పనికి ఇన్‌కాగ్నిటోనా, గెస్ట్‌నా?

గెస్ట్. కారణం చెబుతాను. ఇన్‌కాగ్నిటో విండోలు ఎన్ని తెరిచినా అన్నీ కలిపి ఒకటే సెషన్. మొదటి కస్టమర్ జీమెయిల్ లాగిన్ చేసిన విండో వెనక ఉండగా రెండో కస్టమర్‌కు ఇంకో ఇన్‌కాగ్నిటో విండో తెరిస్తే, మొదటాయన జీమెయిల్ అందులో కూడా తెరుచుకుంటుంది. అన్ని విండోలూ మూస్తేనే చెరుగుతుంది. పైగా అందులో మీ బుక్‌మార్కులు, మీరు సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు కనిపిస్తాయి. గెస్ట్‌లో అవేవీ ఉండవు. ప్రొఫైల్ బొమ్మ నొక్కితే అడుగున గెస్ట్ అని ఉంటుంది. దీన్ని కూడా మనిషికీ మనిషికీ మధ్య పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. రెండింట్లో ఏదీ మీ నెట్ ఇచ్చే కంపెనీకి గానీ, తెరిచిన సైట్‌కు గానీ మీరెవరో దాచదు. అది చెరిపేది మీ కంప్యూటర్‌లో మిగిలే జాడను మాత్రమే. గెస్ట్‌లో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు కాబట్టి బ్లాకర్ ఉండదు, యాడ్స్ కనిపిస్తాయి. మూసేయగానే ఆ నంబర్లు పోతాయి కాబట్టి తర్వాతి మనిషికి అంటుకోవు.

మీ షాపు ప్రొఫైల్‌లోనే కస్టమర్ ఫారం నింపాల్సి వచ్చినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఒక గడిలో కొట్టిన ఆధార్ నంబరును బ్రౌజర్ గుర్తుపెట్టుకుని, తర్వాతి మనిషి ఫారంలో కిందికి జాబితాగా చూపిస్తుంది. చూడకుండా ఎంటర్ కొడితే ఒకరి నంబరు మరొకరి దరఖాస్తులో పడుతుంది. ‘ఆటోఫిల్ అండ్ పాస్‌వర్డ్స్’ విభాగంలో పాస్‌వర్డ్, కార్డు, అడ్రస్ మూడింటి సేవింగ్ ఆపండి. ఇప్పటికే పోగైనవాటి కోసం కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కి, ‘ఆల్ టైమ్’ ఎంచుకుని, అన్నింటి టిక్కులూ తీసేసి ‘ఆటోఫిల్’ అన్నది ఒక్కటే ఉంచి తుడవండి. ఆ షార్ట్‌కట్‌కు మీ షాపులో ఉన్న అసలు పని ఇదే. ఒక్క నంబరే తీయాలంటే, జాబితాలో బాణం మీటతో దాని మీదికి వచ్చి షిఫ్ట్, డిలీట్ నొక్కితే పోతుంది.

అన్నింటికంటే ఎక్కువ వివరాలు పేరుకునేది మాత్రం బ్రౌజర్‌లో కాదు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో. గెస్ట్ మూసినా, ఇన్‌కాగ్నిటో మూసినా దించిన ఫైళ్లు అక్కడే ఉంటాయి. ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంది కదా అంటారేమో. పేరులోని మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం అని అందరికీ తెలిసిన పాస్‌వర్డ్ అది. ఆధార్ నంబరు పూర్తిగా అవసరం లేని పనులకు ‘మాస్క్‌డ్ ఆధార్’ దించండి, చివరి 4 అంకెలే కనిపిస్తాయి. ప్రింట్ తీయగానే ఫైలును షిఫ్ట్, డిలీట్ కొట్టి తీసేయండి, రీసైకిల్ బిన్‌లోకి కూడా పోదు. రద్దీలో మరిచిపోయే రోజుల కోసం విండోస్ సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’, ‘స్టోరేజ్’, అందులో ‘స్టోరేజ్ సెన్స్’ ఆన్ చేసి, డౌన్‌లోడ్స్‌కూ రీసైకిల్ బిన్‌కూ 1 రోజు గడువు పెట్టండి. మీరు ఉంచుకోవాల్సిన రసీదులను ముందే వేరే ఫోల్డర్‌లోకి మార్చుకోవాలి, లేకపోతే అవీ పోతాయి. కస్టమర్లు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు మీ ఫోన్ గ్యాలరీలోనూ పడుతుంటాయి. ఆ నంబరు వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘మీడియా విజిబిలిటీ’ ఆపి, పని కాగానే చాట్‌లోంచి తీసేయండి. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, 2023లో రాసిన నియమం కూడా ఇదే: వేరే చట్టం ఉంచమంటే తప్ప, ఏ పనికి తీసుకున్న సమాచారాన్ని ఆ పని తీరాక ఉంచుకోకూడదు.

ఇవన్నీ చేసినా 4 జీబీ 4 జీబీయే. విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర ‘స్లాట్స్ యూజ్డ్’ అని ఉంటుంది. రెండింట్లో ఒకటే వాడుతున్నట్టు చూపిస్తే ఇంకో 4 జీబీ స్టిక్ చేర్చవచ్చు. కొనే ముందు మీ ర్యామ్ రకం డీడీఆర్3నా, డీడీఆర్4నా చూసుకోండి, ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు. ల్యాప్‌టాప్ స్టిక్ డెస్క్‌టాప్‌కు పట్టదు. డబ్బు ఒక్కదానికే సరిపోతే, మీ పరిస్థితిలో ముందు 240 లేదా 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) వేయించమంటాను. మెమరీ నిండి డిస్క్ మీదికి పోయినా ఇప్పుడున్నంత నరకం ఉండదు, విండోస్ లేవడం, ఫైళ్లు తెరవడం కూడా మారిపోతాయి. పాత హార్డ్ డిస్క్‌ను పారేయడం గానీ, అమ్మడం గానీ చేయొద్దు. ఇన్నేళ్ల కస్టమర్ల ఫైళ్లు అందులో ఉన్నాయి. రెండో డ్రైవ్‌గా తగిలించి, ‘క్విక్ ఫార్మాట్’ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయించిన తర్వాతే బయటికి పంపండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. సెట్టింగ్స్‌లోని ‘విండోస్ అప్‌డేట్’ పేజీలో పొడిగింపు అప్‌డేట్లకు నమోదు చేసుకునే లింకు కనిపిస్తే చేసుకోండి. ఎస్ఎస్‌డీ వేయించే రోజే ఆ మెషీన్ విండోస్ 11కు పనికొస్తుందో లేదో కూడా రిపేరు చేసేవాళ్లను చూడమనండి, పని రెండుసార్లు కాకుండా ఉంటుంది.